ఆటకు రానంటున్న పిల్లల పక్షాన

సంపాదకులు గారికి,

నమస్కారాలు. ఒంటిపూట బడులు మొదలయ్యే మార్చి నెల నుంచి మా అనంతపురంలో గోడల మీద, కరెంటు స్తంభాల మీద, పత్రికల జిల్లా పేజీలలో వేసవి క్రీడా శిక్షణ శిబిరాల ప్రకటనలు కనిపిస్తుంటాయి. పతకాలు గెలిచిన పిల్లల ఫొటోలు కూడా ఆ పేజీలలోనే వస్తాయి, అవి రావలసినవే. అయితే ఆ శిబిరం గేటు దాకా తల్లి చేయి పట్టుకుని వచ్చి, లోపలికి అడుగు పెట్టనని మొరాయించి, కళ్ళనీళ్ళతో ఇంటికి తిరిగి వెళ్ళే పిల్లలు కూడా ఈ ఊళ్ళో ఉన్నారు. వారి మాట వచ్చినప్పుడు పిల్లవాడు సోమరి అంటాం, లేదా ఫోను చెడగొట్టిందంటాం. అటువంటి ఒక పిల్లవాడి తల్లిగా రెండేళ్ళపాటు నేను కూడా ఆ రెండు మాటలే అన్నాను. అవి రెండూ మా వాడి విషయంలో తప్పని తెలుసుకున్నాక, మరొక ఇంట్లో మరొక పిల్లవాడు అదే అవస్థ పడకూడదన్న ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి పెరిగితే మన్నించగలరు.

మా అబ్బాయి ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్నాడు. నాలుగో తరగతిలో ఉండగా వాడికి ప్రతి బుధవారం పొద్దున కడుపునొప్పి వచ్చేది. వాము నమిలించాను, డాక్టరుకు చూపించాను, ఏమీ లేదన్నారు. ఒకరోజు వాడి పుస్తకాలు సర్దుతూ టైంటేబుల్ చూస్తే బుధవారం గడిలో ‘గేమ్స్’ అని కనిపించింది. ఆ రాత్రి దీపం ఆర్పిన తర్వాత, వాడి ముఖం నాకూ నా ముఖం వాడికీ కనబడని చీకట్లో, నెమ్మదిగా అడిగాను. “ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినే పిలుచుకుంటారమ్మా. చివరికి నేనొక్కడినే మిగులుతాను. అప్పుడు వీడు మీకే, కాదు మీకే అని కొట్లాడుకుంటారు” అన్నాడు. పదేళ్ళు నిండని పిల్లవాడు వారం వారం అందరి ముందూ నిలబడి, తాను ఏ జట్టుకూ అక్కరలేదన్న సంగతిని చెవులారా వినవలసి వచ్చింది. పెద్దవాళ్ళమైన మనల్ని మన కార్యాలయంలో వారానికొకసారి అలా నిలబెడితే ఎన్నాళ్ళు ఆ ఉద్యోగం చేస్తామో ఆలోచించాలి. వాడు తప్పించుకోజూసింది ఆ వరుసను. ఇంట్లో మంచం మీది నుంచి దివాను మీదికి దూకడం, మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం, పైపు పట్టుకుని నీళ్ళు చల్లుతూ పెరడంతా పరుగెత్తడం వాడు ఏనాడూ మానలేదు.

సంగతి తెలిసిన తర్వాత కూడా నేను చేసినవి తప్పులే. మా వీధిలో మగపిల్లలందరూ క్రికెట్ ఆడతారు కాబట్టి క్రికెట్ బాగా వస్తే జట్టులోకి వాళ్ళే పిలుస్తారని లెక్క వేసుకుని, మూడు నెలల రుసుము ముందే కట్టి ఒక శిక్షణ కేంద్రంలో చేర్పించాను. పదకొండు రోజులు వెళ్ళాడు. పన్నెండో రోజున చెప్పులు దొరకలేదన్నాడు. అవి మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి. ఆ తర్వాత బేరానికి దిగాను: గంటసేపు ఆడి వస్తే అరగంట ఫోను. రెండు వారాలు ఆడాడు, అంటే గడియారం చూసుకుంటూ మైదానం అంచున నిలబడి వచ్చాడు. మూడో వారంలో “ఈరోజు ఫోను వద్దులే అమ్మా, నేను వెళ్ళను” అన్నాడు. తనకు ఎంతో ఇష్టమైనదాన్ని వదులుకోవడానికైనా సిద్ధపడ్డాడంటే ఆ మైదానం వాడికి ఎంత కష్టంగా ఉందో అప్పుడైనా నాకు అర్థమై ఉండవలసింది.

ఈ బేరం ఎందుకు చెడిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ఒక పరిశోధన ప్రచురించారు. రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలలో కొందరికి, బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందుగానే మాట ఇచ్చి వేయించారు. కొన్నాళ్ళ తర్వాత ఎవరి ఇష్టానికి వారిని వదిలినప్పుడు, ముందుగా బహుమతి మాట విని వేసిన పిల్లలు తక్కిన పిల్లలకన్నా ఆ పెన్నులను తక్కువగా ముట్టుకున్నారు. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టగానే అది పిల్లల దృష్టిలో కూలిపనిగా మారిపోతోంది. ఇష్టమున్న పనికే ఇలా జరిగితే, ఇష్టం ఇంకా పుట్టనే పుట్టని ఆటకు నేను ఫోనును కూలిగా కట్టాను. ఆట అంటే ఎవరో డబ్బిస్తే తప్ప చేయలేనంత చేదు పని అని నా చేతులతో నేనే వాడికి నేర్పాను. ఇవి చాలవన్నట్టు, “మీ చిన్నాన్న కొడుకును చూడు, ఎలా ఉరుకుతున్నాడో” అన్న మాట కూడా నా నోట చాలాసార్లు వచ్చింది. ఆ మాటకు ఏ పిల్లవాడూ లేచి ఉరకగా నేను చూడలేదు.

నా వలె ఆందోళన పడే తల్లిదండ్రులు శిక్షణ కేంద్రం వెతుక్కోకముందే చేయవలసిన పని ఒకటుంది. పిల్లవాడు ఆడనంటున్నాడంటే ఒంట్లో ఏదైనా అడ్డు ఉందేమో మొదట చూపించాలి. మా వాడికి దూరపు చూపు తక్కువ. ముందు బెంచీలో కూర్చునేవాడు కాబట్టి బోర్డు కనిపించేది, అందువల్ల బడిలోగాని ఇంట్లోగాని ఎవరికీ అనుమానం రాలేదు. కానీ దూరం నుంచి వచ్చే బంతి వాడికి ముఖం దగ్గరికి వచ్చేదాకా మసకగానే ఉండేది. క్యాచ్ వదిలేస్తాడని, బంతికి భయపడతాడని వాడిని వెక్కిరించిన పిల్లలకు ఆ సంగతి తెలియదు, తల్లినైన నాకే తెలియలేదు. ఇంకొక పిల్లవాడికి ఆ అడ్డు రక్తహీనత కావచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నాలుగు అడుగులు వేయగానే ఆయాసపడే అమ్మాయిని బద్ధకస్తురాలని తిట్టే ముందు ఒక్కసారి రక్తపరీక్ష చేయించడం న్యాయం. పరుగెత్తి వచ్చిన కాసేపటికి దగ్గు, పిల్లికూతలు వచ్చే పిల్లలకు ఉబ్బసం ఉండవచ్చు. మందు సరిగా వాడితే వారు కూడా అందరిలాగే ఆడగలరు. కొందరికి కాలూ చేయీ కలిపి కదపడం పుట్టుకతోనే కష్టం. బడి వయసు పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఈ ఇబ్బంది ఉంటుందని వైద్యులు చెబుతారు. బొత్తాలు పెట్టుకోవడం, బూటు లేసు కట్టుకోవడం, సైకిలు తొక్కడం అన్నీ ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు బంతాటలో కూడా వెనకబడితే అది వాడి నిర్లక్ష్యం కాదు. ప్రభుత్వ బడులలోని పిల్లలకు 2013 నుంచి అమలవుతున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇటువంటి పరీక్షలు ఉచితంగా జరుగుతాయి. ప్రైవేటు బడుల పిల్లలకు ఆ పూచీ తల్లిదండ్రులదే.

కంటి విషయం వచ్చింది కాబట్టి మరొక మాట. చైనాలోని గ్వాంగ్జౌ నగరంలో కొన్ని బడులలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి పిరియడ్ అదనంగా చేర్చి మూడేళ్ళు గమనిస్తే, వారిలో సుమారు 30 శాతం మందికి దూరపు చూపు తగ్గింది. అటువంటి పిరియడ్ లేని బడులలో అది 39 శాతం దాటింది. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఇక్కడ ఆడిన ఆట ఏమిటన్నది కూడా ముఖ్యం కాలేదు. పగటి వెలుగులో గడపడమే ఫలితమిచ్చింది. ఆట రాదని ఇంట్లో కూర్చున్న పిల్లవాడికి చూపు తగ్గడం, చూపు తగ్గినందువల్ల ఆట మరింత రాకపోవడం అనే చక్రంలో మా వాడు కూడా చిక్కుకున్నాడేమోనని నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

కళ్ళజోడు వచ్చింది, బంతి కనిపించింది, అయినా వాడు మైదానానికి వెళ్ళలేదు. రెండేళ్ళు మనసులో పేరుకున్న భయం అద్దాలు మార్చినంత మాత్రాన పోదు. ఇక నేను అడగడం మానేశాను. నిజం చెప్పాలంటే చేతులెత్తేశాను. అలా ఉన్నప్పుడే, పోయిన వేసవిలో సెలవులకు తాడిపత్రి దగ్గరి మా అత్తగారి ఊరు వెళ్ళాం.

ఆ ఊళ్ళో రామాలయం ముందు బండపరుపు మీద రాత్రి ఎనిమిది దాటాక చెక్కభజన నేర్పిస్తున్నారు. మన రాయలసీమ పాఠకులకు చెక్కభజన గురించి వివరించనక్కరలేదు, కానీ పట్టణాలలో పుట్టి పెరిగిన పిల్లలకు ఇది పేరు కూడా తెలియకుండా పోతోంది కాబట్టి రెండు మాటలు రాస్తాను. చిన్న చిన్న లోహపు బిళ్ళలు అమర్చిన కొయ్య చెక్కలను చేత పట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, వరుసలుగానో వలయంగానో నిలబడతారు. గురువు పాట ఎత్తుకుంటే తక్కినవారు అందుకుని పాడుతూ, చెక్కలు వాయిస్తూ, పాటకు తగిన అడుగులు వేస్తారు. మొదట నిదానంగా సాగే అడుగు క్రమంగా వేగం పుంజుకుంటుంది. వంగడం, కూర్చుని లేవడం, ఎగిరి తిరగడం అన్నీ అందులోకి వచ్చి చేరతాయి. పాట చివరికి వచ్చేసరికి ముప్ఫై ఏళ్ళ సేద్యగాడికి కూడా చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోతుంది. శ్రీరామనవమికో జాతరకో తెల్లవార్లూ ఆడే జట్లు మన జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి.

మొదటి రాత్రి వాడి జేజి, అంటే మా అత్తగారు, “ఊరికే కూచుంటే ఏమొస్తాదిరా, దా పోదాం” అని చూడటానికి తీసుకెళ్ళింది. వాడు గుడి అరుగు మీద కూర్చుని చూసి వచ్చాడు. రెండో రాత్రి కూడా అంతే. మూడో రాత్రి ఎవరూ చెప్పకుండానే చివరి వరుస వెనక, దీపం వెలుగు సరిగా పడని చోట, ఒక్కడే నిలబడి అడుగులు వేయడం మా ఆయన కంటబడింది. ఆయన నన్ను పిలిచి చూపించి, “నువ్వేమీ అనకు” అని మెల్లగా చెప్పారు. నేను ఆ ఒక్కసారి నోరు కట్టుకున్నందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. “చూశావా, నీకూ వచ్చింది” అని నేను అరిచి ఉంటే వాడు ఆ చీకట్లో నుంచి ఇంటికి పరుగెత్తేవాడు. నాలుగైదు రోజుల తర్వాత గురువుగారే వాడిని చూశారు. ఆయన పగలంతా చేని పని చేసుకుని రాత్రి భజన నేర్పే పెద్దమనిషి. ముందు వరుసలోకి రమ్మనలేదు, బాగా వేస్తున్నావని పొగడలేదు. పక్కన నిలబడి తాను కూడా అదే అడుగు వేశారు. వాడు చెక్కలు కావాలని చేయి చాపితే “చెక్కలు మల్ల పట్టుకుందువు, ముందు అడుగు పడనీ నాయనా” అన్నారు. సెలవులు ముగిసే నాటికి వాడు రోజూ గంటన్నర ఆడుతున్నాడు. పగలు ఎండలో మేం బయటకు పోనివ్వకపోతే ఇంటి నడవలో, జేజి బియ్యం ఏరుకుంటుంటే ఆమె ఎదురుగా, వట్టి చేతులతో తాళం వేసుకుంటూ అడుగులు సరిచూసుకునేవాడు. బుధవారం కడుపునొప్పి తెచ్చుకున్న పిల్లవాడు, రాత్రి అన్నం ఎక్కువ తింటే ఎగరలేనని సగం పళ్ళెంతో లేచిపోయేవాడు.

క్రికెట్ మైదానంలో దొరకనిది గుడి ముందు ఎలా దొరికిందని నేను చాలా ఆలోచించాను. అక్కడ జట్లు పంచుకోవడం లేదు. ఎవరు వచ్చినా వరుస ఒక మనిషి పొడుగు పెరుగుతుంది, అంతే. అడుగు తప్పితే ఎవరి ఓటమికీ అది కారణం కాదు. పాట మళ్ళీ పల్లవికి వచ్చినప్పుడు కలుసుకోవచ్చు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు, కాలేజీ కుర్రవాడు, తాతయ్య ఒకే వరుసలో ఉంటారు కాబట్టి ఒకే ఈడు వారితో పోల్చి చూసే కళ్ళు తక్కువ. చూస్తూ కూర్చోవడానికి అనుమతి ఉంది, వెనక నిలబడటానికి అనుమతి ఉంది, రేపు రానంటే అడిగేవారు లేరు. మనిషికి ఏ పని మీదనైనా లోపలి నుంచి ఆసక్తి పుట్టాలంటే ఆ పని తాను ఎంచుకున్నదై ఉండాలని, రోజురోజుకూ తనకు కొంత వస్తోందన్న నమ్మకం కలగాలని, చేసేచోట తనవారున్నారన్న భావన ఉండాలని ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్నారు. ఆ మూడింటినీ ఆ గురువుగారు ఏ పుస్తకం చదవకుండానే బండపరుపు మీద సమకూర్చి పెట్టారు. నేను డబ్బు కట్టిన చోట మూడింటిలో ఒక్కటీ లేదు.

అందరు పిల్లలకూ చెక్కభజనే మందు అని నేను చెప్పడం లేదు. నా సహోద్యోగిని కూతురికి బంతి అంటే భయం, తాడాట అంటే ప్రాణం. ఒంటరిగా మేడ మీద ఎన్ని దాటిందో లెక్క పెట్టుకుని నోటు పుస్తకంలో రాసుకుంటుంది. మా ఎదురింటి పిల్లవాడు నడవమంటే నడవడు, వాళ్ళ కుక్కను తిప్పుకురమ్మంటే సాయినగర్ అంతా చుట్టి వస్తాడు. మా వాడే గుత్తి కోటకు తీసుకెళ్ళినప్పుడు, కొండ ఎక్కుదామంటే సగంలో కూలబడ్డాడు. కొండ అంచున, ఒకప్పుడు ఆ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పే మంటపం ఒకటుందని వాళ్ళ నాన్న చెప్పగానే, అది చూసేదాకా ఆగకుండా మాకన్నా ముందు ఎక్కాడు. కథ ఇష్టపడే పిల్లవాడికి కథ వైపు నడిపించే దారి కావాలి, లెక్కలు ఇష్టపడేవాడికి లెక్కించుకునే ఆట కావాలి, నీళ్ళు ఇష్టపడేవాడికి ఈత కావాలి. ఈత విషయంలో మాత్రం తెలిసిన పెద్దల పర్యవేక్షణ లేనిదే చెరువుకుగాని, క్వారీ గుంటకుగాని పంపరాదు. ప్రతి వేసవిలోనూ ఆ విషాద వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. “ఎందుకు ఆడవు?” అన్న ప్రశ్నకు పిల్లల దగ్గర సమాధానం ఉండదు. “ఏం చేస్తున్నప్పుడు నీకు టైము తెలియదు?” అని అడిగితే ఉంటుంది.

ఒక చోట కుదరకపోతే పిల్లవాడు పనికిరాడని తేల్చేయడం కూడా తగదు. 2025 నవంబరులో మహిళల ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఆడిన మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి బడి రోజుల్లో బ్యాడ్మింటన్, ఖోఖో, పరుగు పందేలలో గడిపి, ఆ తర్వాతే క్రికెట్‌కు వచ్చారు. అంతటి క్రీడాకారిణికే నాలుగు ఆటలు చూసుకునే వ్యవధి దొరికింది. మన పిల్లలకు మనం మూడు నెలల రుసుము వ్యవధి మాత్రమే ఇస్తున్నాం.

అనంతపురం తిరిగి వచ్చాక ఇబ్బంది మళ్ళీ మొదలైంది. మా వీధిలో చెక్కభజన లేదు. ఇప్పుడు పదిహేను రోజులకొకసారి శనివారం సాయంత్రం ఊరికి వెళ్ళి వస్తున్నాం. తక్కిన రోజుల్లో వాళ్ళ నాన్న ఉదయం ఆర్ట్స్ కళాశాల మైదానానికి నడకకు వెళుతూ వాడిని పిలుస్తారు. రానంటే ఊరుకుంటారు. వారంలో నాలుగు రోజులు వస్తున్నాడు. బడికి సైకిలు మీద వెళుతున్నాడు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు వారం మొత్తం మీద సగటున రోజుకు 60 నిమిషాలపాటు ఒళ్ళు వేడెక్కేంత కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఈ గంటను ఒకేసారి పూర్తి చేయాలన్న నియమం లేదు. పొద్దున పది నిమిషాలు, బడికి వెళ్ళివచ్చే సైకిలు ఇరవై నిమిషాలు, సాయంత్రం మేడ మీద అడుగులు అరగంట, అన్నీ అందులోకే చేరతాయి. ఇది తెలిసిన తర్వాత నా మనసులో బరువు చాలా దిగింది. రోజుకు గంట క్రికెట్ ఆడించాలన్న పంతంతో నేను వాడిని, నన్ను రెండేళ్ళు వేధించుకున్నాను.

ఇక బడుల గురించి చెప్పవలసినది చెప్పక తప్పదు. ఇంట్లో తల్లిదండ్రులు ఎంత ఓర్పుగా ఇష్టం పుట్టించినా, బడిలో ఒక్క పిరియడ్‌లో అది చచ్చిపోగలదు. హోంవర్కు చేయలేదని గుంజీళ్ళు తీయించడం, అల్లరి చేశారని మైదానం చుట్టూ పరుగెత్తించడం మన దగ్గర ఇంకా మామూలు విషయంగానే చలామణీ అవుతోంది. పరుగును శిక్షగా రుచి చూసిన పిల్లవాడికి రేపు అదే పరుగును ఆరోగ్యమని చెబితే ఎలా నమ్ముతాడు? పైగా 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలకు శారీరక దండన, మానసిక వేధింపు రెండింటినీ నిషేధించింది. అదే చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం, ఆటవస్తువులు ఉండాలని, ఆరు నుంచి ఎనిమిది తరగతులలో వందకు మించి పిల్లలున్న బడికి ఆరోగ్య, వ్యాయామ విద్య చెప్పే పార్ట్‌టైం బోధకులు ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. మా అబ్బాయి చదివే బడిలో పరీక్షలు దగ్గరపడగానే గేమ్స్ పిరియడ్ లెక్కల పిరియడ్‌గా మారిపోతుంది. వాడికి ఒకప్పుడు అదే సంతోషంగా ఉండేదని తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

వ్యాయామ ఉపాధ్యాయుల మీద నాకు ఫిర్యాదు లేదు. ఒక్క మనిషి అరవై మంది పిల్లల్ని నలభై నిమిషాలు చూసుకోవాలంటే రెండు జట్లు చేసి బంతి ఇవ్వడమే వారికి తేలిక. అయినా వారిని చేతులు జోడించి కోరేది ఒకటే: కెప్టెన్లు ఒక్కొక్కరినే పిలుచుకునే పద్ధతిని మానిపించండి. వరుసగా ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్క చెప్పించి జట్లు చేస్తే ఖర్చు లేదు, సమయం కూడా కలిసివస్తుంది, చివర మిగిలే పిల్లవాడంటూ ఉండడు. బంతాటకు రానివారికి మైదానం రెండో మూల తాడాట, తొక్కుడుబిళ్ళ, ఏడు పెంకులాట, కోలాటం ఏదో ఒకటి సాగనివ్వండి. చెక్కభజన, ఉరుముల నృత్యం వంటి మన కళల గురువులు ఊరూరా ఉన్న జిల్లా ఇది. వారానికొక గంట వారిని బడికి పిలిచి గౌరవంగా కొంత పారితోషికం ఇచ్చి నేర్పిస్తే, ఆటలకు దూరమైన పిల్లలకు కదలిక దొరుకుతుంది, వారసులు లేక తగ్గిపోతున్న ఆ కళకు పిల్లలు దొరుకుతారు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రపంచవ్యాప్తంగా 11 నుంచి 17 ఏళ్ళ బడి పిల్లల్లో నూటికి 81 మందికి కావలసినంత శారీరక శ్రమ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించింది. అబ్బాయిల్లో అది 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం. మన ఊళ్ళలో ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో తల్లులందరికీ తెలుసు. ఆరో తరగతి దాకా వీధిలో గెంతిన పిల్లను రజస్వల కాగానే “ఇంక ఆటలేంది” అని లోపల కూర్చోబెడతాం. రెండేళ్ళ తర్వాత ఒళ్ళు చేసిందని, నడవమని మనమే పోరుతాం. బడిలో శుభ్రమైన మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, వ్యాయామ పిరియడ్‌లో చున్నీ బదులు ట్రాక్ సూట్, నెలసరి రోజుల్లో ఆడాలో వద్దో తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉంటే ఆడపిల్లలు తమంతట తామే ఆటకు వస్తారు.

మన జిల్లాలకు క్రీడా సౌకర్యాలు లేవనడం సరికాదు. విన్సెంట్ ఫెర్రర్ దంపతులు 1969లో వచ్చి ఇక్కడ మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సేవా సంస్థకు చెందిన స్టేడియంలో 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు జరిగాయి. అదే ప్రాంగణంలో 2010 నుంచి రఫెల్ నాదల్ ఫౌండేషన్ తోడ్పాటుతో పేద పిల్లలకు టెన్నిస్ నేర్పుతున్నారు. కడపలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. అవన్నీ మనకు గర్వకారణాలే. అయితే అవి ప్రధానంగా ఆట వచ్చిన పిల్లలను, ఆడాలన్న కోరిక ఉన్న పిల్లలను ముందుకు తీసుకెళ్ళే చోట్లు. ఆట రాని పిల్లవాడు బెరుకు లేకుండా వచ్చి, పేరు నమోదు లేకుండా, ఎంపిక లేకుండా, కొంతసేపు చూసి, కొంతసేపు ఆడి వెళ్ళే స్థలం ఊళ్ళో ఎక్కడుంది? సాయంత్రం బడి విడిచిపెట్టగానే తాళం పడే బడి మైదానాలు ఎన్ని ఉన్నాయో అనంతపురంలో ఏ వీధిలో నడిచినా కనిపిస్తుంది. మన ఎండల్లో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, పిల్లలకు పనికివచ్చే వేళలు సూర్యోదయం నుంచి ఎనిమిది లోపు, మళ్ళీ సాయంత్రం ఐదున్నర తర్వాత. సరిగ్గా ఆ వేళల్లోనే ఆ గేట్లు మూసి ఉంటాయి.

అందువల్ల మీ పత్రిక ద్వారా జిల్లా విద్యాశాఖ అధికారులకు, నగరపాలక సంస్థకు మనవి చేసుకుంటున్నాను. వచ్చే వేసవి శిబిరాలలో కనీసం వార్డుకు ఒక బడి మైదానాన్ని ఉదయం, సాయంత్రం రెండేసి గంటలు తెరిచి, తాగునీరు, ఒక కాపలా మనిషిని ఏర్పాటు చేసి, ఎంపిక పరీక్షలు లేకుండా పిల్లలందరినీ రానివ్వండి. అక్కడ ఒక మూల చెక్కభజనకో కోలాటానికో కేటాయించండి. ప్రకటనలో ‘ఆట రానివారు కూడా రావచ్చు’ అన్న ఒక్క వాక్యం చేర్చండి. ఆ వాక్యం చదివి గేటు దాకా వచ్చే పిల్లలు ఎంతమంది ఉంటారో అధికారులు తామే చూడగలరు. అటువంటి మైదానం తెరిస్తే వారానికి రెండు సాయంత్రాలు వచ్చి పిల్లలకు అడుగులు నేర్పడానికి మా ఊరి గురువుగారు ఒప్పుకున్నారు. ఆయనకు బస్సు ఛార్జీలు, భోజనం ఏర్పాట్లు మేమే చూసుకుంటాం. మా వాడు కూడా వస్తానన్నాడు, వెనక వరుసలో నిలబడే పిల్లల పక్కన నిలబడతానన్నాడు.

ఇట్లు,
ఆరో తరగతి బాలుడి తల్లి,
అనంతపురం.